రూపాయి బిళ్ళంత గాయం

ఎలుకలు తిండి ముట్టలేదు.

"మేడం, చివరి బోన్ల ఎలుకలు పొద్దటి నుంచి ముడుచుకొని పండుకున్నయి. చెయ్యి వేస్తె ఒళ్ళు కాలుతాంది," అన్నాడు కాలేజీలో ఎలుకల గది చూసుకునే రామలింగం. "రోజూ నా వేలు కొరికే రౌడీది సుత లేస్తలేదు."

ఇందు గ్లౌజులు తొడుక్కుని రౌడీని పైకి తీసింది. వీపు మీద బొచ్చు గీకిన చోట రూపాయి బిళ్ళంత గాయం. మొన్నటిదాకా ఎర్రగా, చక్కగా పూడుకొస్తున్నదే. ఇవాళ దాని అంచులు నల్లబడి ఉన్నాయి.

పక్క బోన్లలో ఒట్టి ఆకు పసరు రాసినవి, అసలేమీ రాయనివి గంతులేస్తున్నాయి. వెండి మందు రాసిన బోను ఒక్కటే ఇలా.

గడ్డిచేమంతి పసరుతో వెండిని కంటికి ఆననంత సన్నటి రేణువులుగా మార్చి, గాయాలు మాన్పే మందు చేయడం ఇందు పీహెచ్‌డీ పని. ఈ మందు కలిపిన రోజు మధ్యలో కరెంటు పోయింది. రేణువులను కడగాల్సినంత కడగలేదు. ఏం కాదులే అనుకుంది.

"మీ గైడు సారుకు ఫోన్ కొట్టాల్నా మేడం?"

ఇందుకు ఆ మాట చెవిన పడలేదు. రౌడీని బోన్లో పెట్టేసి తన ఫోన్ తీసింది. అది ఎలుకల కోసం కాదు. ఇదే మందు, ఇదే గిన్నెలోంచి, చిన్న డబ్బాకు ఎత్తి ఇంట్లో ఇచ్చి వచ్చింది. బాపు కాలికి.

బాపు మార్కండేయులు కొత్తవాడలో మగ్గం మీద జంపఖానాలు నేస్తాడు. షుగరు మనిషి. మగ్గం గుంటలో చెక్క గీరుకుని పాదానికి పుండు పడింది. ఎంతకీ మానలేదు. ఇట్లాగే ఉంటే పాదం తీసేయక తప్పదని దవాఖానలో అన్నారు. తొక్కే కాలు పోతే మగ్గం పోయినట్టే.

ఎలుకల మీద పరీక్ష పూర్తి కాకుండా మందు గడప దాటకూడదు. ఆ సంగతి ఇందుకు తెలుసు. అయినా తెచ్చి తల్లి చేతిలో పెట్టింది.

పోశవ్వ డబ్బా మూత తీసి వాసన చూసింది.

"ఎలుకలకు గాయాలు ఎట్లయితయి బిడ్డా?"

"మేమే జేస్తం అమ్మా. బొచ్చు గీకి, రూపాయి బిళ్ళంత తోలు కోస్తం. రోజూ మందు రాసి సూస్తం. ముందుగాల వాటికి మానాలె. ఆ తర్వాతనే మనుషులకు."

"మరి గీ డబ్బల మందు సూసుడు అయిందా?"

"అయితాంది తియ్యి. నువ్వయితె రాయి."

పోశవ్వ డబ్బాను కొంగున కట్టుకుంది.

హాస్టల్ నుంచి ఎప్పుడు ఫోన్ చేసినా అదే జవాబు. "రాస్తనే ఉన్న బిడ్డా. నువ్వు ఫికర్ జెయ్యకు." ఒక్కసారి మాత్రం ఉన్నట్టుండి అడిగింది.

"కోసేటప్పుడు ఎలుకకు నొస్తదా?"

"మత్తిస్తం అమ్మా. దానికేం తెల్వది."

"మత్తిస్తరా..." అంది. "మంచిదే."

ఇప్పుడు అమ్మ ఫోన్ మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది. ఎత్తలేదు. ఇందు ఉరుకుతూ హసన్‌పర్తి రోడ్డెక్కి, కనబడ్డ ఆటోకు అడ్డం పోయింది.

"అన్నా, కొత్తవాడ. జల్ది పోనీయే."

హనుమకొండ చౌరస్తాలో బండ్లన్నీ ఆగిపోయాయి. కళ్ళు మూసుకుంటే నల్లబడిన పాదం. తెరిస్తే ముందున్న బస్సు. మందు ఇచ్చిన చేయి తనదే. ఆ కాలు పోతే ఇంటికి ఏ మొహంతో పోవాలి? అసలు కాలుతో ఆగుతుందా?

"జర ఓపిక పట్టక్కా," అన్నాడు డ్రైవరు అద్దంలో చూస్తూ. "నువ్వు సీట్ల ముందుకు జరిగితె ఆటో ముందుకు జరుగుతదా?"

గల్లీ మొదట్లోనే దిగి పరుగెత్తింది. అందరి మగ్గాలూ ఆడుతున్నాయి. తమ ఇంటి మగ్గం చప్పుడే లేదు.

బాపు అరుగు మీద కూర్చుని చాయ్ తాగుతున్నాడు. ఇందు వచ్చి ఆయన కాళ్ళ దగ్గర కూలబడింది.

"ఏందే, ఉరికొచ్చి కాళ్ళు మొక్కుతానవు? పట్టా వచ్చిందా?"

ఇందు కట్టు విప్పింది. పుండు ఎర్రగా, శుభ్రంగా ఉంది. నలుపు లేదు. వేళ్ళతో చుట్టూ తడిమింది. ఎక్కడా లేదు.

"బాపూ, నేనిచ్చిన డబ్బల మందు..."

"ఏడ రాసింది మీ అమ్మ! నన్ను ముట్టనిస్తెనా? దవాఖాన పట్టీలే కడుతాంది. ఎప్పుడడిగినా 'ఇంక సూసుడు కాలే, ఆగు' అంటది. పెద్ద డాక్టరమ్మ!"

ఇందుకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. బాపు కాలు దక్కింది. చదువు రాని అమ్మ జంకబట్టి దక్కింది. చున్నీతో మొహం తుడుచుకుంది.

"అమ్మ ఏది బాపూ?"

"లోపల పండుకుంది. పొద్దటి నుంచి బుక్క ముట్టలే."

లోపల చీకటి గదిలో పోశవ్వ గోడవైపు తిరిగి ముడుచుకొని ఉంది. ఒళ్ళు కాలిపోతోంది. కూతురి చేయి తగలగానే కళ్ళు తెరిచింది.

"వచ్చినవా బిడ్డా? బాపుకు ఇప్పుడే రాయద్దే," అంటూ చీర అంచు మెల్లగా పైకి జరిపింది.

పిక్క మీద, బాపు గడ్డం గీసుకునే బ్లేడుతో నున్నగా గీకిన చోట, రూపాయి బిళ్ళంత గుండ్రంగా కోసుకున్న గాయం అంచులు నల్లబడి ఉన్నాయి.