పట్టు పావడ

"లక్ష్మక్క కూతురికి ఫోటో తీస్తాండారంట!"

ఆ మాట చెవిన పడగానే ఓబమ్మకు కన్ను కుట్టింది.

కరువు మూడో ఏడు. ధర్మవరం దగ్గరి ఆ చేనేత పల్లెకు మిలిటరీవాళ్ళు లారీల్లో నీళ్ళు, గంజి తెచ్చారు. వాళ్ళలో ఒకాయన మెడలో కెమెరాతో పిల్లల మధ్య తిరుగుతున్నాడు.

"బక్కచిక్కిన ఆ గంగికి ఫోటోనా? నా చౌడిని చూడమను. ఈ కరువులో కూడా ఎట్ల ఒళ్ళు చేసిందో!"

ఓబమ్మ పెట్టె తెరిచింది. మగ్గం ఆగకముందు మొగుడు నేసిన పట్టు పావడను కూతురికి పాదాలు మునిగేలా కట్టింది. మొహం నిండా పౌడరు కొట్టింది. కాళ్ళ వెండి కడియాలు మాత్రం ఒక పట్టాన ఎక్కలేదు.

"అమ్మా, నొస్తాంది."

"ఒళ్ళు చేస్తే అంతేలే," అని మురిసిపోతూ నెట్టి తొడిగింది.

గంజి పంచే చోటికి వెళ్ళేసరికి కెమెరా సారు సుంకప్ప కొడుకు ముందు కూర్చుని ఉన్నాడు. వాడి పాదాన్ని బొటనవేలితో నొక్కి చూసి, ఫోటో తీశాడు.

"కాళ్ళొత్తి మరీ తీస్తాండాడే! వీళ్ళేమన్నా జమీందారు బిడ్డలా?"

ఓబమ్మ చౌడిని ముందుకు తోసింది. సారు వంగి, పావడ ఎత్తి కాళ్ళు చూపించమని సైగ చేశాడు.

"మొగం తీ సారూ! కాళ్ళెందుకు? పట్టు నలుగుతాది."

తెలుగు రాని ఆ సారు మళ్ళీ చెయ్యి చాచాడు. ఓబమ్మ బిడ్డను వెనక్కి లాక్కుంది. అంతలో అవతల ఎవరో పిలిచారు. ఆయన వెనుదిరిగి చూస్తూనే వెళ్ళాడు.

ఓబమ్మ విసురుగా చౌడి చెయ్యి పట్టుకుంది. ఇంటికెళ్ళి తలుపేసుకుంది.

మధ్యాహ్నం లారీల చప్పుడుకు చౌడితో బయటికొచ్చింది. ఒకదాంట్లో గంగిని ఒళ్ళో పెట్టుకుని లక్ష్మక్క!

"ఫోటో చాలదని ఊరేగింపు కూడానా?"

గంజి పంచడంలో మిలిటరీవాళ్ళకు సాయం చేసిన మరిది తిప్పేస్వామి అక్కడే ఉన్నాడు.

"ఊరేగింపు యాడిది వదినా? తిండి లేక కాళ్ళకు నీరుపట్టిన బిడ్డలను పెద్దాసుపత్రికి తీసుకపోతాండారు. ఆడ గుర్తుపట్టేదానికే ఆ ఫోటోలు."

ఓబమ్మ గబుక్కున కూర్చుని చౌడి పావడ ఎత్తింది. కడియం కాల్లోకి దిగిపోయి ఉంది. బొటనవేలితో పాదం నొక్కింది. పడిన గుంట పూడలేదు.

బిడ్డను చంకనేసుకుని పరుగెత్తింది. లారీలు అప్పటికే దిన్నె దాటాయి.

"తిప్పేస్వామీ! డాక్టరు యాడుండాడప్పా? నా బిడ్డను చూపించల్ల!"

వెనకే వచ్చిన తిప్పేస్వామి తల దించుకున్నాడు.

"కాళ్ళు చూపించమని నిన్ను అడిగినాడే వదినా... ఆయనే."