నేర్చుకునేవాళ్ళ కెమెరా

“కొత్తగా నేర్చుకునేవాళ్ళకి చిన్నదే మంచిదమ్మా. రెండేళ్ళు దీంతో చెయ్యి తిరిగాక పెద్దదానికి మారొచ్చు,” అన్నాడు కెమెరాల కొట్టాయన.

నా మనసు పెద్దదాని మీదే ఉంది. అయినా చిన్నదాన్నే చేతిలోకి తీసుకున్నాను. రెండేళ్ళు తిరక్కముందే నా చూపు పూర్తిగా పోతుందని కంటి డాక్టరు నెల క్రితం చెప్పింది. ఆ రోజు డాక్టరు గది బయట బల్ల మీద కూర్చున్న నాన్నతో మాత్రం, అద్దాలు మారిస్తే సరిపోతుందట అన్నాను. ఇప్పుడు పెద్దది అడిగితే ఎందుకే అంత తొందర అంటాడు.

“పెద్దది తర్వాత కొనుక్కుంటాలే నాన్నా. ముందు నేర్చుకోనీ.”

“చిన్నప్పుడు చెప్పులు కొనడానికి తీసుకెళ్ళినా ఇదే వరస. మనసు ఒక జత మీద, చెయ్యి ఇంకో జత మీద!” అని నాన్న నవ్వి, రెండు కెమెరాలూ తన ముందుకు లాక్కున్నాడు.

ఒక్కోదాన్నీ పట్టుకుని చాలాసేపు తడిమాడు. చిన్నదాంట్లో దాదాపు అన్నీ తెర మీదే నొక్కాలి. పెద్దదానికి పైనా పక్కనా బొత్తాలు, తిప్పే చక్రాలు.

“ఇదే ఇవ్వండి,” అన్నాడు పెద్దదాన్ని వదలకుండా. “ఏది ఎక్కడుందో వేలికి తెలుస్తోంది.”

కొట్టాయన నవ్వాడు. “చూసి నొక్కేదేగా సార్, వేలికి తెలియడం దేనికి?”

నేను నాన్న వైపు తిరిగాను. ఆయన కళ్ళు రెండూ గట్టిగా మూసుకుని ఉన్నాయి. వేళ్ళు మాత్రం ఒక్కొక్క బొత్తాన్నే వెతుక్కుంటున్నాయి.