వణకని చేతులు

"గడప దాటావంటే కాళ్లు విరగ్గొడతా!"

బావ గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. దర్జీ రెండు మెట్లు కిందికి దిగాడు గానీ వెనక్కి పోలేదు.

"కాళ్లేగా, విరగ్గొట్టు బావా. ముందు నీ చెల్లెల్ని ఒక్కసారి పిలువు. నేను తాగుడు మానేశాను. ఒట్టు."

"నీ ఒట్టు తీసి గట్టు మీద పెట్టు. ఎన్ని వినలేదూ!"

"అయితే నా నోరు వాసన చూడు."

బావ నిజంగానే మెట్లు దిగొచ్చి మొహంలో మొహం పెట్టి చూశాడు. ఏ వాసనా లేదు.

"యాలకులు నమిలొచ్చావేమో."

దర్జీ కాలరుకు గుచ్చుకున్న సూది తీసి, జేబులోంచి దారం లాగి, వెలుతురుకు ఎదురుగా పట్టుకుని ఒక్క విసురులో ఎక్కించాడు. పొద్దున్నే చుక్క పడనిదే కత్తెర పట్టలేని చెయ్యి అది. ఇసుమంతైనా వణకలేదు.

"వాంతులతో, చలిజ్వరంతో చచ్చి బతికాను బావా. దుకాణం మళ్లీ తెరిచాను. పొయ్యి నేనే వెలిగించుకుంటున్నా. ఇక తను వస్తే చాలు."

బావ సంతోషిస్తాడనుకున్నాడు దర్జీ. బావ మాత్రం మెట్టు మీద కూలబడి తల పట్టుకున్నాడు.

"ఇప్పుడా నీకు తెలివొచ్చింది?"

"ఆలస్యమే. తను తిట్టినా, చెప్పుతో కొట్టినా పడతాను."

"వెళ్లిపోవయ్యా. నీకు దణ్ణం పెడతా."

కాళ్లు విరగ్గొడతానన్న మనిషి దణ్ణం పెట్టేసరికి దర్జీ గుండె జారిపోయింది. బావను తప్పించుకుని ఒక్క ఉదుటున ఇంట్లోకి పరిగెత్తాడు. వంటింటి పక్క గదికి బయటి నుంచి తాళం వేసి ఉంది. తలుపు ముందు పీట వేసుకుని అత్తగారు కాపలా కూర్చుంది.

"తాళమేంటి అత్తయ్యా? తనకేమైంది? నాతో వచ్చేస్తుందని భయమా?"

"నెమ్మదిగా నాయనా, నలుగురూ వింటారు" అంది ఆమె కళ్లొత్తుకుంటూ.

"విననీ! నా పెళ్లాం కోసం వచ్చాను, దొంగతనానికి కాదు." దర్జీ తలుపు దబదబా బాదాడు. "ఏమే, నేనే! ఒక్కసారి పలుకు!"

లోపల గిన్నేదో దొర్లింది. గోడ పట్టుకుని నడిచి వస్తున్న అడుగుల చప్పుడు. తలుపు అవతల ఆమె నవ్వింది. ఆ నవ్వు వినేసరికి దర్జీకి ప్రాణం లేచొచ్చింది.

"వస్తారని నాకు తెలుసు" అందామె ఆత్రంగా, తలుపు సందులో నోరు పెట్టి. "వీళ్లు నన్ను చంపుతున్నారండీ, చుక్క కూడా ఇవ్వట్లేదు. 'నాకు తోడుగా ఒక్క గుక్క' అంటూ అలవాటు చేసిన మనిషి, ఖాళీ చేతుల్తో రాడుగా?"