ఊపిరి సంచి

తాళాలు బాగుచేసే ఆయన డాక్టరు గదిలోకి తోసుకుంటూ వచ్చేశాడు. వరస తప్పాడని బయట నలుగురూ తిట్టిపోశారు. ఆ తిట్లు చెవికెక్కే స్థితిలో లేడు పాపం.

"మళ్ళీ మొదలైంది డాక్టరుగారూ! పద్నాలుగు రోజులు, పూటకు నాలుగు మాత్రలు. ఒక్కటీ తప్పలేదు, నేనే లెక్కపెట్టాను. నోరంతా చేదు, ఒకటే వాంతులు. అదంతా ఓర్చుకున్నాక కూడా మంట తిరగబెట్టిందే! కడుపు ఖాళీ అయితే చాలు, నిప్పులు పోసినట్టే. నిన్నటి నుంచి విరేచనం తారులా నల్లగా అవుతోంది."

"నల్లగానా?" డాక్టరు ఉలిక్కిపడి ఆయన కనురెప్ప కిందికి లాగి చూశాడు. "కడుపులో పుండు నుంచి నెత్తురు కారితే ఇది తెల్లగా పాలిపోవాలే! నీకు దానిమ్మ గింజలా ఉంది. బల్లెక్కు."

ఎక్కాడు. డాక్టరు పొట్ట మీద వేళ్ళతో నొక్కాడు. "ఇక్కడ నొప్పా?"

"... అబ్బా!"

నర్సమ్మ కిసుక్కున నవ్వింది. "అరవడానికి కూడా ఆలోచించుకుంటావేంటి బాబాయ్?"

"పోయినసారి నువ్వు చెప్పింది నమ్మి, పుండు పుట్టించే క్రిములకి మందు గుడ్డిగా రాశాను," అన్నాడు డాక్టరు. "అంత మందుకీ లొంగలేదంటే అవి మొండి క్రిములన్నమాట. ఉన్నాయో లేవో తేల్చుకున్నాకే రెండో మందు."

"పరీక్షలొద్దు బాబూ! గట్టి మందేదో రాసి పడెయ్యండి. మీ కాళ్ళు పట్టుకుంటాను." నిజంగానే వంగాడు.

"లే, లేవయ్యా! గొంతులో గొట్టమేం దూర్చను. ఈ మందు నీళ్ళు తాగి, అరగంట కూర్చుని, సంచిలోకి ఊదు. కడుపులో క్రిములుంటే ఊపిరే చెప్పేస్తుంది. అంతే."

తాగాడు. కూర్చున్నాడు. ఒకసారి లేచి గుమ్మం దాకా వెళ్ళాడు. మందు లేకుండా ఇంటికెళ్ళి ఏం చేస్తాడు? మళ్ళీ వచ్చి కూలబడ్డాడు. ఎన్నెన్నో మొండి తాళాల మెడలు వంచిన చేతులతో ఆ సంచిని మూతికి ఆనించుకున్నాడు. ఊదాడు.

గంట తర్వాత డాక్టరు నవ్వుతూ వచ్చాడు.

"తీపి కబురయ్యా! క్రిమి అన్నది లేదు. తోమిన గిన్నెలా ఉంది నీ కడుపు. ఇక మాత్రలూ లేవు, గీత్రలూ లేవు. వెళ్ళి హాయిగా తిను."

ఆయన మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"ఇంకోసారి చూడండి బాబూ... ఉన్నాయి. ఒట్టు, ఉన్నాయి! ఆ మందొక్కటి రాయండి."

"లేని రోగానికి మందు రాస్తే నా పట్టా ఊడుతుంది. నెక్స్ట్!"

"రోగం ఉండాలని ఏడ్చేవాణ్ణి నిన్నొక్కణ్ణే చూశాను బాబాయ్," అంది నర్సమ్మ, భుజం పట్టుకుని బయటికి నడిపిస్తూ.

ఇంటి దగ్గర, కడుపులో క్రిములున్నాయని తెలిస్తే బడి వంటగదిలో పని ఊడిపోతుందని మొగుడి పేరు మీద వైద్యం చేయించుకుంటున్న పెళ్ళాం, గడప మీద మెలికలు తిరిగిపోతూ, ఆ రెండో మందు కోసం ఎదురుచూస్తోంది.