చాపంత చోటు

"వదినగారూ, కొండ చూశారా? పసుపు ఆరబోసినట్టుంది!"

రేంజరు గుమ్మంలో నిలబడే అన్నాడు. చేతిలో నాలుగు పూల రెమ్మలున్నాయి. ఆమె అందుకుంది. ఎక్కడ పెట్టాలో తోచక చేత్తోనే పట్టుకుని, రెండో చేత్తో మంచినీళ్లిచ్చింది. టీ ఇవ్వలేదు. ఆ ఇంట్లో పొయ్యి వెలిగి ఏడాదైంది. "నిప్పంటే భయం పట్టుకుంది పాపం" అని పక్కింటావిడే రెండు పూటలా క్యారేజీ పంపుతోంది.

మోకాలెత్తు కూడా పెరగని పొద ఆ పూలది. గింజ మాత్రం మహా మొండిది. మంట సెగ తగిలితే గానీ మొలవదు. ఆమె భర్త ముప్ఫై ఏళ్లు అడవి గార్డుగా మంటలు ఆర్పినవాడు. ఆ పొద పూస్తే ఒక్కసారి చూడాలని ఆయన పిచ్చి. గింజల్ని వేణ్ణీళ్లలో నానబెట్టాడు, గరుకు కాగితంతో రుద్దాడు. ఒక్కటీ కళ్లు తెరవలేదు.

"చాపంత చోటు కాలినా చాలునే, మరుసటేడు పూస్తుంది. రెండేళ్లలో రిటైరైపోతాను, నాకా యోగం లేదు. ఆర్పేవాణ్ణి అంటించలేను కదా!" అని నవ్వేవాడు.

పోయిన ఏడాది కొండ అంటుకుంది. "గాలి మారింది, ఆగండి సార్!" అని వెనకనుంచి కుర్ర వాచర్లు అరుస్తున్నా వినకుండా, అందరికంటే ముందు ఉరికింది ఆయనే. తిరిగి రాలేదు. ఆమెకు ఏడుపు కూడా రాలేదు. మనిషి కొయ్యబారిపోయింది.

"అన్నయ్య పేరు రాతిమీద చెక్కించాం. రేపు మీరే తెర తీయాలి" అన్నాడు రేంజరు. తర్వాత సంచిలోంచి ఒక కాగితం తీశాడు. "ఇది విచారణ కాగితం వదినగారూ. మంట చదును బండ దగ్గర మొదలైందని తేలింది. ఎవరి పనో తేలలేదు. ఆ రోజు అటువైపు ఎవరైనా వెళ్తుంటే చూశారా?"

"లేదు."

"అయితే ఇక్కడ సంతకం పెట్టండి, ఫైలు మూసేస్తాం. నిప్పు పెట్టినవాళ్ల కొంప కూల!"

"కూలే ఉంటుందిలే బాబూ" అంది ఆమె, సంతకం పెడుతూ.

రేంజరు కళ్లు తుడుచుకుని వెళ్లిపోయాడు. ఆమె రెమ్మల్ని గ్లాసు నీళ్లలో వేసి, ఆయన ఫొటో ముందు పెట్టింది.

"చూశారా, పూసింది" అంది.

ఆయన రిటైరయ్యేలోగా ఆ పూత చూపించాలని, చాపంత చోటే కదా అనుకుని, ఆ రోజు చదును బండ దగ్గర అగ్గిపుల్ల గీసింది ఆమే.