ఆదివారం వచ్చే మెయిలు

"ఎవడప్పా వాడు? చచ్చిపోయిన నా బిడ్డ పేరు వానికెందుకు?"

దాసయ్య అరుపుకి ప్రొద్దుటూరు నెట్ సెంటర్‌లో ఉన్న ఇద్దరు ముగ్గురు తలలు తిప్పి చూశారు. సెంటర్ నడిపే ఆరిఫ్ కుర్చీ జరిపి, "కూర్చో మామా" అన్నాడు.

కూర్చునే ఓపిక దాసయ్యకు లేదు. జమ్మలమడుగు నుంచి ఈ పని మీద రావడం ఇది మూడోసారి.

కూతురు శ్వేత జాకెట్లకు మగ్గం వర్కు చేసేది. ఆర్డర్ల కోసం తన పేరుతోనే ఓ వెబ్‌సైట్ పెట్టుకుంది. ఆరిఫే చేసిచ్చాడు. రెండేళ్ల కింద డెంగీ జ్వరం ఆ పిల్లను ఐదు రోజుల్లో మింగేసింది. ఆ పేరుకి ఏటా కట్టాల్సిన ఫీజు ఎవరికి గుర్తుంటుంది? గడువు దాటింది. ఎవరో దాన్ని కొనుక్కున్నారు.

కొనుక్కుంటే కొనుక్కున్నారు. మూడు నెలలుగా శ్వేత పేరుతో ఉన్న ఆ వెబ్‌సైట్ అడ్రసు నుంచి ప్రతి ఆదివారం దాసయ్యకు మెయిలు వస్తోంది.

"నాయనా, బీపీ మాత్ర ఏసుకున్నావా?"

మొదటిసారి చదివినప్పుడు చేతిలో ఫోన్ జారి కిందపడింది. ముప్పై ఏళ్లు ఆస్పత్రిలో కాంపౌండరుగా ఊరందరికీ మాత్రలిచ్చిన మనిషి, బిడ్డ పోయినాక తన మాత్రలు తాను మానేశాడు. భార్య సారమ్మ బతిమాలింది, తిట్టింది, పాస్టరు చేత చెప్పించింది. ఊహూ. ఆ మెయిలు చూసిన రోజు మాత్రం మాత్ర మింగాడు.

మరుసటి వారం ఇంకోటి. "సంగటి ముద్ద ముట్టకుండా లేచినావంట. నిజమేనా నాయనా?"

నిజమే! దాసయ్య దయ్యాలను నమ్మే మనిషి కాదు. అయినా ఆ వారమంతా శ్వేత మగ్గం ఉన్న గది వైపు చూడాలంటే ఒళ్లు జలదరించింది. సారమ్మ వింటే గుండె పగిలి చస్తుందని ఇంట్లో నోరు విప్పలేదు.

"ఆ పేరు మనమే తిరిగి కొంటామని రాసినాం కదా, జవాబొచ్చిందా?" అన్నాడు దాసయ్య.

"వచ్చింది మామా. అమ్మరంట."

"పేరేంది వానిది?"

"కొన్నోళ్ల పేరు బయటికి కనపడదు మామా. దాచిపెట్టుకోవచ్చు." ఆరిఫ్ స్క్రీన్ మీంచి చూపు తిప్పలేదు. "పోనీలే. చెడ్డగా ఏం రాయలేదు కదా?"

"నీ బిడ్డ పేరుతో రాస్తే తెలిసేది నీకు! కంప్లైంటు పెట్టు."

"పెడితే పేరు మనకు రావొచ్చు. ఆ మెయిళ్లు మాత్రం ఇంక రావు. ఇంకోసారి ఆలోచించుకో మామా."

"ఆలోచించేదేం లేదు." కంప్లైంటు కాగితం మీద సంతకం గీకి బయటపడ్డాడు.

జమ్మలమడుగు బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. కూర్చున్నాక రాబోయే ఆదివారం గుర్తొచ్చింది. చర్చి నుంచి ఇంటికి రావడం, ఫోన్ తీయడం, అందులో ఏమీ లేకపోవడం.

బిడ్డను రెండోసారి మట్టిలో పెట్టినట్టే. అదీ తన సంతకంతో. అంతమందిలోనూ దాసయ్యకు ఏడుపు ఆగలేదు. దొంగో దయ్యమో, ఎవరైతే ఏం? తనను నాయనా అని పిలిచేవాళ్లు ఇంకెవరున్నారు?

"ఆపప్పా, దిగాల!"

కండక్టరు ఏదో గొణిగాడు. దాసయ్య దిగి, ఆయాసపడుతూ వెనక్కి నడిచాడు. ఆ కాగితం చింపించేయాలి. పేరు ఎవరి దగ్గరున్నా ఉండనీ, మెయిలు రానీ.

సెంటర్ గడప దగ్గరికి వచ్చి ఆగాడు. ఆరిఫ్ అటు తిరిగి ఫోన్‌లో మాట్లాడుతున్నాడు.

"లేదు సారమ్మత్తా, మామకు నీ పేరు చెప్పలేదులే, కంప్లైంటు కూడా పంపలేదు, ఈ ఆదివారం శ్వేత ఏమని రాయాలో చెప్పు, టైపు చేస్తా."