కాళ్ళ ముందు స్పీకరు

"ఆపండి!"

పిడుగు మైకును స్టాండుతో సహా పక్కకు నెట్టాడు. పాట మధ్యలో తెగింది. డ్రమ్ముల వెనక అతని చెల్లెలు కర్రలు ఆపేసింది. ఆమె మొగుడు గిటారు తీగల మీద అరచెయ్యి వేశాడు. ముగ్గురే ఆ బ్యాండు.

"నా గొంతు నాకు వినపడటం లేదు. ఎన్నిసార్లు మొత్తుకోవాలి?"

పాడేవాడికి తన గొంతు తెలియాలని స్టేజి మీద కాళ్ళ ముందు ఒక స్పీకరు పెడతారు. పిడుగు దాన్ని తన్నబోయి ఆగాడు.

హాలు వెనక బల్ల దగ్గర కూర్చున్న మైకతను ఏదో అన్నాడు.

"ఏంటి గొణుగుతున్నాడు? నోరు అద్దెకిచ్చాడా?"

"పెంచానంటున్నాడు అన్నయ్యా!" చెల్లెలు గట్టిగా చెప్పింది.

"పెంచాడట! చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది వీడితో."

సొంతంగా పాటలు కట్టుకుని పాడేవాళ్ళు దేశం నలుమూలల నుంచీ వచ్చే సభ అది. ఒక్కో బ్యాండుది ఒక్కో భాష. పెద్ద భాషలవాళ్ళకు బయట మైదానంలో పెద్ద స్టేజి. పిడుగువాళ్ళది చిన్న భాష. వాళ్ళకు ఈ పాత గోడౌను, అదీ మిట్టమధ్యాహ్నం. ఈ మాత్రం పిలుపు కోసమే పిడుగు ఏళ్ళ తరబడి గుమ్మాలు తొక్కాడు. ఇక్కడ మెప్పిస్తే సాయంత్రం పెద్ద స్టేజి మీద ఒక పాట ఇస్తానని నిర్వాహకురాలు మాటిచ్చింది. జనం అప్పుడే గేటు బయట మూగుతున్నారు.

"మనకు ముందు ఇక్కడే వాయించి చూసుకున్నారే, ఆ పెద్ద భాషవాళ్ళు. వాళ్ళప్పుడు బయట నిలబడ్డ నా కాళ్ళ కింద నేల అదిరింది. మనం నోరు తెరిచేసరికి వీడికి చెయ్యి లేవదు. చిన్న భాషకు చిన్న గొంతు చాలనుకున్నాడు."

"సర్దుకుపో బావా, టైమవుతోంది," గట్టిగా అన్నాడు గిటారతను, తల ఎత్తకుండానే.

"సర్దుకుని సర్దుకుని మూలకు చేరాం. ఇంకెక్కడికి సర్దుకోమంటావ్, గోడలోకా?"

చెల్లెలు కర్రలు పక్కన పడేసి కిందికి దిగింది. మైకతని దగ్గరకు వెళ్ళి వంగి ఏదో చెప్పింది. అతను తల అడ్డంగా ఊపాడు. ఆమె మళ్ళీ చెప్పింది. అతను మళ్ళీ ఊపాడు.

"వాణ్ణి బతిమాలతావేంటే!" పిడుగు స్టేజి మీంచి దూకాడు. "మెత్తగా ఉన్నవాళ్ళను చూస్తే మొత్తబుద్ధి వీళ్ళకి!"

మైకతని చొక్కా పట్టుకుని లేపాడు. కుర్చీ పడిపోయింది. ఆ చప్పుడుకు నిర్వాహకురాలు పరిగెత్తుకొచ్చింది.

"చెయ్యి తియ్యి!" ఆవిడ అతని మొహంలో మొహం పెట్టి అరిచింది. "మా మనిషి మీద చెయ్యి చేసుకుంటావా? క్షమించమని అడుగు. లేదా మూటాముల్లే సర్దుకో. ఈసారే కాదు, మళ్ళీ ఎప్పుడూ పిలవం."

"అడగను. తప్పు చేసింది వాడు. నా పాట నాకు వినపడనివ్వని చోట నేను పాడనూ పాడను. పదండి!"

గిటారతను ఆ మాటతోనే గిటారు పెట్టె తెరిచాడు. చెల్లెలు మైకతని వైపు చూసింది. ఆమె కళ్ళు ఎర్రబడ్డాయి.

మైకతను చొక్కా సర్దుకున్నాడు.

"తప్పు నాదేనండి," అన్నాడు. "కావాలనే తగ్గించాను."

"కావాలనే తగ్గించాడట అన్నయ్యా!" చెల్లెలు హాలంతా మోగేలా చెప్పింది.

పిడుగు నిర్వాహకురాలి వైపు తిరిగి చేతులు బార్లా చాపాడు. "విన్నారా? నేనేదో తగువులమారి వాణ్ణన్నట్టు చూశారు కదా ఇందాక!"

మైకతను తలొంచుకుని స్టేజి ఎక్కి, స్పీకరును పిడుగు నిలబడేచోటికి బాగా దగ్గరగా జరిపి వచ్చాడు. పిడుగు దాని మీద ఒక కాలు వేసి ఒక చరణం పాడాడు.

"అదీ! ఇప్పుడొచ్చాడు దారికి."

గేటు తెరిచారు. ఆ కోపం చల్లారకముందే పిడుగు పాట ఎత్తుకున్నాడు. స్పీకరు మీద కాలు తియ్యలేదు, చెల్లెలి కర్రల మీంచి చూపు తియ్యలేదు. పేరుకు తగ్గట్టే పడ్డాడు జనం మీద. ఆ భాషలో ముక్క తెలియనివాళ్ళు కూడా లేచి నిలబడి ఈలలు వేశారు. సాయంత్రం పాట ఖాయమైంది.

"అడగనిదే అమ్మైనా పెట్టదు బావా," అంటూ పిడుగు గిటారతని భుజం చరిచి, అతణ్ణి లాక్కుంటూ బయటికి పోయాడు.

నిర్వాహకురాలు మైకతని మీద విరుచుకుపడింది.

"భాషను చూసి గొంతు నొక్కుతావా? సిగ్గనిపించలేదూ? నిన్ను వెనకేసుకొచ్చి నేను అతని మీద అరిచానే! సాయంత్రం నీ మొహం ఇక్కడ కనపడకూడదు."

మైకతను వైర్లు చుట్టుకుంటున్నాడు.

"అతణ్ణి పంపెయ్యకండి మేడమ్," చెల్లెలు అడ్డొచ్చింది. "అలా ఒప్పుకోమని నేనే ప్రాధేయపడ్డాను. లేకపోతే అన్నయ్య పాడకుండా వెళ్ళిపోయేవాడు."

"అంటే? తగ్గించలేదా?"

"మేము ఎక్కగానే ఆ స్పీకరు మీటను చివరిదాకా పెంచేశాడు, ఆ తర్వాత ఎవరూ ముట్టుకోలేదు. ఇప్పటికీ అలాగే ఉంది. మీరే స్టేజి ఎక్కి మాట్లాడి చూడండి."

"ఒకళ్ళను మించి ఒకళ్ళు అబద్ధాలు!" ఆవిడ విసవిసా స్టేజి ఎక్కింది. పిడుగు నిలబడ్డ చోటే నిలబడింది. మైకులో మామూలు గొంతుతో "హలో" అంది.

రెండు చేతులతోనూ చెవులు మూసుకుంది.